బడిలో చేరారు... పాఠంలోకి రాలేదు

వైకల్యం ఉన్న పిల్లలకు మామూలు బడి తలుపులు తెరుచుకుని చాలాకాలమైంది. చట్టం వాళ్ల పక్షాన ఉంది. రిజిస్టర్‌లో పేరుంది. పుస్తకాల సంచీ కూడా అందుతోంది. కానీ తరగతి గదిలో ఆ బిడ్డకు పాఠం ఎవరు చెప్పాలన్న దగ్గర అంతా ఆగిపోతోంది.

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. తెలంగాణలో దాన్ని బడిబాట అంటారు. బడి ఈడొచ్చిన పిల్లలు ఎవరింట్లో ఉన్నా పేరు రాసుకుంటారు. ఆ జాబితాలోకి ఇప్పుడు నడవలేని పాప వస్తోంది, చెవులు వినపడని బాబు వస్తున్నాడు, ఆరేళ్లొచ్చినా రెండు మాటలు కలిపి పలకలేని పిల్లాడూ వస్తున్నాడు. ఒక తరం కిందటైతే ‘ఈ బిడ్డకు చదువెందుకమ్మా, ఇంట్లోనే చూసుకో’ అని గడప దగ్గరే చెప్పి వెళ్లిపోయేవారు. ఇప్పుడు అలా అనడానికి వీల్లేదు. తల్లిదండ్రులు, వికలాంగుల సంఘాలు, పట్టుదల గల కొందరు టీచర్లు ఏళ్లతరబడి కొట్లాడి తెచ్చుకున్న మార్పు ఇది.

ఆగస్టులో అదే బడికి వెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది. పాప పేరు హాజరు పట్టీలో ఉంటుంది. పాప మాత్రం చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. పలక మీద నిన్న గీసిన గీతలే ఇవాళా గీస్తూ ఉంటుంది. టీచరు చెడ్డవారేమీ కాదు. పాపను ముద్దుగానే పలకరిస్తారు, మధ్యాహ్నం అన్నం పెట్టించి పంపుతారు. చదువు సంగతి అడిగితే మాత్రం ‘మనం ఏం చెప్పగలం సార్? కూర్చుంటే చాలు. భవిత మేడమ్ వచ్చినప్పుడు చూసుకుంటారు’ అంటారు. భవిత మేడమ్ అంటే మండలంలోని భవిత కేంద్రం నుంచి వచ్చే ప్రత్యేక టీచరు. ఎన్ని మండలాలు తిరిగినా ఈ జవాబులో పెద్దగా తేడా ఉండదు. బడిలో చేర్చుకోవడానికీ చదువు చెప్పడానికీ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క జవాబులోనే కనిపిస్తుంది.

చట్టం అడిగింది ఇంకా ఎక్కువే

మామూలు బడిలోనే వైకల్యం ఉన్న పిల్లలను చదివించాలన్న ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1964-66లో పనిచేసిన కొఠారి కమిషన్ ఆ మాట అప్పుడే చెప్పింది. 1974లో కేంద్రం అందుకోసం ఒక పథకమూ పెట్టింది. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2012లో దాన్ని సవరించి వైకల్యం ఉన్న పిల్లలను కూడా ప్రత్యేకంగా చూడాల్సిన వర్గాల్లో చేర్చారు. చివరికి 2016లో 1995 నాటి వికలాంగుల చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. ఆటిజం, డిస్‌లెక్సియా వంటి అభ్యసన ఇబ్బందులు, తలసేమియా కూడా ఇందులో ఉన్నాయి.

ఈ 2016 చట్టం సమ్మిళిత విద్యను నిర్వచించిన తీరు చూడాలి. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి చదవడం మొదటి సగం. చెప్పే పద్ధతీ నేర్చుకునే పద్ధతీ ఆ పిల్లల అవసరాలకు తగ్గట్టు మార్చడం రెండో సగం. మన రెండు తెలుగు రాష్ట్రాలూ మొదటి సగాన్ని చాలావరకు నమోదు పుస్తకాల్లో పూర్తిచేశాయి. రెండో సగం దగ్గరే బండి కదలడం లేదు. ఈ చట్టం ప్రకారం నలభై శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలోనో, వాళ్లు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకునే హక్కుంది. బడికి వచ్చిపోయే రవాణా సదుపాయం కల్పించాల్సిన బాధ్యతా ఉంది. ఈ రవాణా సంగతి చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యం ఉన్నవారు 22.66 లక్షల మంది. ఆ లెక్కలనే ఆధారం చేసుకుని యునెస్కో 2019లో మన దేశం మీద ఒక నివేదిక వెలువరించింది. వైకల్యం ఉన్న ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది, 5 నుంచి 19 ఏళ్ల మధ్యవారిలో నాలుగోవంతు మంది ఏ విద్యాసంస్థలోనూ లేరని అది చెప్పింది. ఆ తర్వాత నమోదు పెరిగింది. కొత్త జనగణన పూర్తయి లెక్కలు వచ్చేదాకా మనం పాత అంకెలతోనే మాట్లాడుకోవాలి.

అమ్మ కూడా బడికి వెళ్తుంది

బడిలో ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందని తల్లులను అడిగితే పాఠం గురించి చెప్పరు. మరుగుదొడ్డి గురించి చెబుతారు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎనిమిదేళ్ల పాపను అనుకోండి. కాళ్లు బిగుసుకుని ఉంటాయి, చేతులు చెప్పినట్టు వినవు, మాట కొంచెం ముద్దగా వస్తుంది. తెలివికి లోటేమీ లేదు. ఆ పాప దొడ్డికి వెళ్లాలంటే ఎవరో ఎత్తుకెళ్లాలి, కూర్చోబెట్టాలి, శుభ్రం చేయాలి. నాటు మరుగుదొడ్డిలో అంటే కాళ్లు మడిచి కూర్చునేదానిలో అది కుదరదు. కమోడ్ ఉండాలి, పక్కన పట్టుకునే కమ్మీ ఉండాలి, చక్రాల కుర్చీ తిరిగేంత చోటుండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ 2021-22 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఇలాంటి ప్రత్యేక మరుగుదొడ్లున్న బడులు 27 శాతమే. ఉన్న వాటిలోనూ చీపుర్లూ విరిగిన బెంచీలూ పెట్టుకునే గదులుగా మారినవి ఎన్నో అడగక్కర్లేదు, తలుపు తీసి చూస్తే చాలు.

గది కట్టినా సాయం చేసే మనిషి ఉండాలి. బడిలో ఆయా ఉంటే ఆమె పని వరండాలు ఊడవడం, దొడ్లు కడగడం. ఒక బిడ్డ బట్టలు మార్చడం తన పనుల జాబితాలో లేదంటుంది, అది నిజమే. టీచర్లు చేయరు. అందుకని అమ్మ వస్తుంది. పొద్దున పాపను చంకనెత్తుకుని వచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, బడి ఆవరణలోనే చెట్టుకింద కూర్చుంటుంది. ఇంటర్వెల్‌కు లోపలికి వెళ్తుంది, అన్నం వేళ మళ్లీ వెళ్తుంది. సాయంత్రం ఎత్తుకుని ఇంటికి పోతుంది. ఆ రోజు ఆమెకు కూలీ లేదు. మిరపకోతలప్పుడూ పత్తితీతలప్పుడూ పొలానికి పోక తప్పదు కాబట్టి ఆ రోజులు పాపకు బడి లేదు. పాపకు తొమ్మిదో పదో ఏడు వచ్చి బరువెక్కాక ఎత్తడం తల్లి నడుముకు చేతకాదు. చాలామంది పిల్లల చదువు నాలుగో తరగతి, ఐదో తరగతి దగ్గర ఆగిపోవడానికి ఇదే అసలు కారణం. రికార్డుల్లో మాత్రం ‘దీర్ఘకాల గైర్హాజరు’ అని ఉంటుంది.

ఆడపిల్ల అయితే ఈడొచ్చే సమయానికి ఇంట్లోనే ఉంచేస్తారు. వైకల్యం ఉన్న ఆడపిల్లలకు నెలకు రూ.200 చొప్పున పది నెలలు కేంద్ర విద్యా పథకం సమగ్ర శిక్షా కింద ఉపకారవేతనం ఉంది. ప్యాడ్ మార్చుకోవడానికి సాయపడే ఒక మనిషి బడిలో ఉంటే ఆ రెండు వందలకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

ర్యాంపుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలన్నది లెక్క. చాలా బడుల్లో మూడు మెట్ల మీద సిమెంటు పోసి ర్యాంపు అనిపించారు. దాని మీద చక్రాల కుర్చీని పైకి తోయాలంటే ఇద్దరు పెద్దవాళ్లు కావాలి, దించేటప్పుడు బిడ్డ ముందుకు పడకుండా ఇంకొకరు పట్టుకోవాలి. వరండాలోకి ర్యాంపు ఉన్నా వరండాకూ తరగతి గదికీ మధ్య గడప అలాగే ఉంటుంది. ఐదో తరగతి మేడ మీద గదిలో ఉంటే ఆ ఏడాది ఆ బిడ్డ చదువు కింద వరండాలోనే. తరగతిని కిందికి మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. హెచ్ఎం జూన్‌లో గదులు కేటాయించేటప్పుడు గుర్తుపెట్టుకుంటే చాలు.

మండలానికొక భవిత

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పిల్లల కోసం ఉన్న ప్రధానమైన ఏర్పాటు భవిత కేంద్రం. మండల కేంద్రంలో, ఎక్కువగా ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలోనే, ఒక గదో రెండు గదులో ఉంటాయి. అందులో సమ్మిళిత విద్యా రిసోర్సు పర్సన్లు పనిచేస్తారు. అందరూ ఐఈఆర్‌పీలంటారు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో శిక్షణ పొంది, పునరావాస మండలిలో నమోదైన వాళ్లు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. ఫిజియోథెరపిస్టు వారానికోసారి వస్తారు. గోడలకు రంగు బొమ్మలు, చాప మీద ఎక్సర్‌సైజు బంతి, మూలన నిలబెట్టే చట్రం, సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీలు, కాయలూ పండ్ల నమూనాలూ ఉంటాయి.

ఈ కేంద్రాల్లో పనిచేసేవాళ్ల ఓపికకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. చొంగ తుడుస్తూ, చెంచా పట్టుకోవడం నేర్పుతూ, పక్కన కూర్చున్న తల్లికి ధైర్యం చెబుతూ ఒకే పూటలో నాలుగు రకాల ఉద్యోగాలు చేస్తారు. పక్క ఊళ్ల బడులకు వెళ్లి అక్కడి పిల్లలను చూడాలి. మంచం దిగలేని పిల్లలకు ఇంటికెళ్లి చెప్పాలి. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులకు పిల్లలను తీసుకెళ్లాలి, ఉపకరణాల క్యాంపులకు జాబితాలు తయారుచేయాలి, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి. చూపు సమస్య మీద శిక్షణ పొందిన టీచరు ఆటిజం పిల్లాణ్నీ చూడాలి, బుద్ధిమాంద్యంలో శిక్షణ పొందిన టీచరు బ్రెయిలీ నేర్పాలి. మండలమంతటికీ ఒకరిద్దరితో ఇంత పని ఎలా జరుగుతుంది?

ఐఈఆర్‌పీలను పెంచితే సరిపోతుందా? సరిపోదు. అసలు చిక్కు ఈ ఏర్పాటులోనే ఉంది. బడి ఆవరణలోనే వీళ్లకు వేరే గది, వేరే టీచరు, వేరే రిజిస్టరు వచ్చేసరికి తరగతి టీచరు మనసులో బిడ్డ చెయ్యి మారిపోయింది. ‘భవిత పిల్లలు’ అన్న పేరు స్థిరపడిపోయింది. భవిత టీచరు నెలకోసారి వచ్చి, పావుగంట పక్కకు తీసుకెళ్లి అక్షరాలు దిద్దించి పోతే, మిగిలిన రోజులన్నీ ఆ బిడ్డ ఎవరికీ చెందని బిడ్డ. స్పెషల్ టీచరు బిడ్డను తరగతి నుంచి బయటికి తీసుకెళ్లాలా, తానే తరగతిలోకి రావాలా అన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అని నేననుకుంటాను. దాని గురించి మన దగ్గర జరిగే చర్చ చాలా తక్కువ.

ఇటలీ ఈ దారిలో మనకన్నా ఎంతో ముందు నడిచింది. 1977లో చేసిన 517వ నంబరు చట్టంతో వైకల్యం ఉన్న పిల్లలను మామూలు తరగతుల్లోకి తెచ్చింది. అలాంటి బిడ్డ ఉన్న తరగతిలో ఇరవై మందికి మించి ఉండకూడదని అప్పుడే నియమం పెట్టుకుంది. తోడుగా వచ్చే టీచరు ఆ ఒక్క బిడ్డకే కాదు, తరగతి మొత్తానికీ టీచరే. అక్కడా ఇబ్బందులున్నాయి, శిక్షణ లేని తోడు టీచర్ల గురించి ఫిర్యాదులూ ఉన్నాయి. అయినా తోడు టీచరు తరగతి మొత్తానికీ టీచరే అన్న ఆ ఒక్క నియమంలో చాలా వివేకం ఉంది. ఒక గణితం పాఠంలో తరగతి టీచరు బోర్డు దగ్గర ఉంటే తోడు టీచరు బెంచీల మధ్య తిరుగుతారు. ఆగిపోయిన ప్రతి పిల్లాడికీ చెబుతారు, వాళ్లలో వైకల్యం ఉన్న బిడ్డా ఒకరు. ఇద్దరూ ఒకే పాఠం మీద ఉంటారు.

తరగతి గదిలో ఏం మారాలి

‘నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కరి కోసం నేనేం మార్చను?’ అని అడిగే టీచరు బాధలో న్యాయముంది. బీఈడీలోనో డీఈడీలోనో ఒక పేపరులో నిర్వచనాలు చదివారు. వినపడని బిడ్డకు భిన్నాలు ఎలా చెప్పాలో ఎవరూ చేసి చూపించలేదు. రెండు తరగతులకు ఒకే టీచరున్న ప్రాథమిక పాఠశాలలు ఇంకా ఎన్నో ఉన్నాయి. బేస్‌లైన్ పరీక్షలు, యాప్‌లో ఫొటోలు, ఎఫ్ఏ మార్కులు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఉండనే ఉన్నాయి.

అయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి డబ్బు అక్కర్లేదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న పిల్లాడి విషయం చూడండి. మిషన్ పెట్టుకుంటే అంతా వినపడుతుందని టీచరు అనుకుంటారు. ఆ మిషన్ టీచరు గొంతుతోపాటు ఫ్యాను చప్పుడునీ, బెంచీ లాగిన శబ్దాన్నీ, వెనకవాళ్ల గుసగుసనూ కలిపి పెంచి చెవిలో పోస్తుంది. అందుకే వాడు విసుగొచ్చి దాన్ని తీసి జేబులో పెట్టుకుంటాడు. టీచరు బోర్డువైపు తిరిగి రాస్తూ మాట్లాడితే పెదవులు కనపడవు, ఆ పిల్లాడికి ఆ నిమిషం పాఠం లేదు. రాసి, వెనక్కి తిరిగి, మొహం చూపిస్తూ చెబితే చాలు. కిటికీకి ఎదురుగా కాకుండా నిలబడితే టీచరు మొహం మీద వెలుగు పడుతుంది. చెవిలో పెట్టే మౌల్డ్ పిల్లాడు ఎదిగేకొద్దీ వదులవుతుంది, కీచుమని శబ్దం వస్తుంది. అప్పుడు కొత్త మౌల్డ్ కావాలి. క్యాంపులో మిషన్ ఇచ్చినవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. బ్యాటరీ అయిపోతే ఊళ్లో దొరకదు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంటు చేయించుకున్న పిల్లల పరిస్థితి కూడా ఇదే. ఆపరేషన్ ఉచితంగా జరిగింది. ఆ తర్వాత మాట నేర్పే థెరపీ, విడిభాగాలు, బడిలో ఓపికగా మాట్లాడించే మనిషి లేకపోతే లక్షల విలువైన ఆ పరికరం చెవి వెనక ఊరికే ఉంటుంది.

చూపు తక్కువున్న పాపకు పుస్తకంలో అక్షరాలు పెద్దవి కావాలి, నోటుబుక్కులో గీతలు ముదురుగా ఉండాలి. టీచరు బోర్డు మీద రాసేదాన్ని పైకి చదువుతూ రాయాలి. ‘ఇది దీనికి కలిపితే అది వస్తుంది’ అంటూ వేలితో చూపించే టీచరు పాఠం అసలు చూపులేని పిల్లాడికి ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ ‘ఇది’ ఏమిటో, ‘అది’ ఏమిటో పేరు పెట్టి చెప్పాలి. తరగతిలో మిగతావాళ్లకూ అలా చెబితేనే బాగా అర్థమవుతుంది. ఆటిజం ఉన్న పిల్లాడికి ఇవాళ ఏ గంట తర్వాత ఏ గంటో బొమ్మల కార్డులతో పొద్దున్నే చెబితే సగం గొడవ తగ్గుతుంది. గంట మోగే ముందు వాణ్ని కాస్త దూరంగా కూర్చోబెడితే చెవులు మూసుకుని అరవడు. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పాపకు మూడంకెల కూడికలు అక్కర్లేదు. అదే గణితం పీరియడ్‌లో నిజమైన పది రూపాయల నోటూ ఐదు రూపాయల బిళ్లా ఇచ్చి లెక్క చేయిస్తే ఆ పాపా గణితమే నేర్చుకుంటోంది.

డిస్‌లెక్సియా సంగతి మరీ దయనీయం, ఎందుకంటే అది కంటికి కనిపించదు. తెలుగులో గుణింతాలు, వత్తులు, రూపంలో దగ్గరగా ఉండే మ-య, ప-వ-ష లాంటి అక్షరాలు ఈ పిల్లలను చాలా ఇబ్బంది పెడతాయి. నోటితో అడిగితే అన్నీ చెప్పే పిల్లాడు రాయమంటే నాలుగు పదాలు రాయలేడు. వాడికి ‘మొద్దు’ అనో ‘బద్ధకం’ అనో పేరు పడుతుంది. ఆ పేరుతోనే దెబ్బలు కూడా తింటాడు. పిల్లల్లో ఇలాంటి ఇబ్బందుల్ని బడిలోనే పసిగట్టడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్‌ను తెచ్చింది. గుర్తించడం వరకు బాగానే ఉంది. గుర్తించాక నోటితో జవాబు చెప్పనిచ్చే టీచరు ఉండాలి.

సదరం కాగితం

మన ఊళ్లలో వైకల్యం అనగానే నోటికొచ్చే మొదటి మాట సదరం. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సర్టిఫికెట్ విధానం ఎంతోమందికి మేలు చేసింది. పింఛను దానిమీదే ఆధారపడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు రూ.6,000, తెలంగాణలో 2023 నుంచి రూ.4,016 ఇస్తున్నారు. కూలి మీద బతికే ఇంటికి అది పెద్ద ఆసరా. అందుకే నలభై శాతం అన్న అంకె చుట్టూ ఇంత ఆరాటం. డాక్టరు 35 శాతమని రాస్తే తల్లి క్యాంపు బయట కూలబడి ఏడుస్తుంది.

అయితే ఆ కాగితం బడికి చెప్పేది చాలా తక్కువ. ‘బుద్ధిమాంద్యం, 60 శాతం’ అన్న ముక్క చదివి టీచరు రేపు పొద్దున ఏం మార్చుకోవాలి? ఈ బిడ్డ బొమ్మ చూసి గుర్తుపడుతుందా, పాట రూపంలో చెబితే గుర్తుంచుకుంటుందా, ఎంతసేపు ఒకచోట కూర్చోగలదు, ఏం చూసి భయపడుతుంది అన్నవి బడికి కావాలి. బిడ్డ కోసం విడిగా తయారుచేసుకునే విద్యా ప్రణాళికలో అవి ఉండాలి. ఆ ప్రణాళిక భవిత టీచరు ఫైల్లో చాలాచోట్ల ఉంటుంది, తరగతి టీచరు బల్ల మీద ఉండదు. తల్లికి అందులో ఏముందో తెలియదు. బిడ్డ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషిని అడగకుండానే బిడ్డ ప్రణాళిక రాస్తున్నారు.

2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఈ నలభై శాతం గీతను కొంత చెరిపింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఇబ్బంది ఉన్న అభ్యర్థికి జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను ఇవ్వడానికి నలభై శాతం వైకల్యం ఉండి తీరాల్సిన పనిలేదని, అవసరాన్ని చూడాలని చెప్పింది. ఈ తీర్పు మన బడుల దాకా ఇంకా పూర్తిగా చేరలేదు.

పది తర్వాత

పరీక్షలంటే గుర్తొచ్చేది బొల్లా శ్రీకాంత్ కథ. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టాడు. ఊరి బడిలో వెనక బెంచీకే పరిమితమయ్యాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక ఇంటర్‌లో సైన్సు తీసుకుంటానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్లి గెలవాల్సొచ్చింది. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చుకుని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. ఆయన జీవితం మీద 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. కానీ ఒక పదహారేళ్ల కుర్రాడు భౌతికశాస్త్రం చదవడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావడం గురించి ఆ చప్పట్ల మధ్య మనం ఎక్కువ మాట్లాడుకోలేదు. ఈ రోజుకీ చూపులేని పిల్లలను ఎనిమిదో తరగతి నుంచే ‘లెక్కలు కష్టం నాన్నా, వదిలేయ్’ అని మెల్లగా తప్పిస్తారు. తడిమి అంకెలు అమర్చే టేలర్ ఫ్రేము మీద లెక్కలు చేయించగల టీచరు, చేత్తో తడిమి చూసే ఉబ్బెత్తు పటాలు ఉంటే ఆ మాట అనాల్సిన అవసరమే రాదు.

ఇంకొక బాధాకరమైన సంగతి. ఏదైనా సర్వే పరీక్షో, తనిఖీయో ఉన్న రోజు కొన్నిచోట్ల ‘రేపు బాబును పంపకమ్మా’ అని తల్లికి చెబుతారు. బడి సగటు పడిపోతుందని భయం. ఆ ఒక్క మాటతో ఏడాదంతా ఆ తల్లి బడి మీద పెట్టుకున్న నమ్మకం పోతుంది.

పట్టణాల్లో ప్రైవేటు బడుల తీరు వేరు. అక్కడ నేరుగా కాదనరు. ‘మా దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ లేరండీ, మీ బాబుకు ఇంకా మంచి స్కూలు చూడండి’ అంటారు. చేర్చుకున్న బడుల్లో చాలావాటిలో బిడ్డ పక్కనే ఉండి సాయపడే షాడో టీచరు జీతం తల్లిదండ్రులే భరించాలి. డబ్బున్న తండ్రికి అది భారం, లేని తండ్రికి అది ‘వద్దు’ అన్న మాటే.

ప్రత్యేక పాఠశాలలు మూసేయాలా

ఈ విషయంలో నాకు మొండి పట్టుదల లేదు. చెవిటి పిల్లల విషయంలో అయితే అసలే లేదు. పుట్టుకతో వినపడని బిడ్డకు సైగల భాష మాతృభాష లాంటిది. ఊరి బడిలో ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోతే, నలభై మంది మధ్య కూర్చున్నా ఆ బిడ్డ రోజంతా ఒంటరే. తనలాంటి పిల్లలున్న ప్రత్యేక పాఠశాలలో మొదటిసారి చేతులతో కబుర్లు చెప్పుకుంటూ నవ్వే పిల్లలను చూసినవాళ్లెవరూ ఆ బడిని మూసేయమనరు. భారతీయ సైగల భాష కోసం 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. 2024 డిసెంబరులో సైగల భాషలో పాఠాల కోసం పీఎం ఈ-విద్యలో ఒక టీవీ చానల్ మొదలైంది. బడిలో ఒక్క టీచరైనా ఆ భాష నేర్చుకునేదాకా, వినపడే పిల్లలకు కూడా పది సైగలు నేర్పేదాకా, ఆ తల్లిదండ్రులు ప్రత్యేక పాఠశాలను ఎంచుకుంటే తప్పుపట్టలేం. చట్టం కూడా ఆ ఎంపికను వాళ్లకే వదిలింది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయంలో దేశానికే దారి చూపింది. అలాంటి చోట్ల పోగైన అనుభవం ఊరి బడి టీచరు దాకా చేరడం లేదన్నదే నా బాధ.

కలిసి చదవడం వల్ల ఏం ఒరుగుతుందని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్లకు వరంగల్ జిల్లా కల్లెడ గుర్తుచేయాలి. ఆ ఊళ్లో కూలి చేసుకునే ఇంట్లో జీవాంజి దీప్తి పుట్టింది. బుద్ధి వికాసంలో ఇబ్బంది, మొహం ఆకృతిలో తేడా ఉన్నందుకు చుట్టుపక్కలవాళ్లు ఎన్ని మాటలన్నారో ఆమె తల్లిదండ్రులే తర్వాత పత్రికలకు చెప్పారు. ఊళ్లో చదువుకుంటున్నప్పుడే ఆ పిల్ల పరుగును బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) గమనించారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన వైకల్య విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకం రాని పిల్లలకూ బడిలో అంతే హక్కుంది, అందులో రెండో మాట లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ పీఈటీ గురించి. ఆయన ఆ పిల్లను మైదానం అంచున కూర్చోబెట్టకుండా పరుగెత్తనిచ్చారు. మన బడుల్లో ఆటల పీరియడ్ రాగానే వైకల్యం ఉన్న పిల్లలకు అందరి చెప్పులకూ సంచులకూ కాపలా పని ఇస్తారు.

కొత్త టీచర్లు వస్తున్నారు

ఇన్నేళ్లకు ఒక పెద్ద కదలిక వచ్చింది. 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రతి బడికీ స్పెషల్ టీచర్ల నిష్పత్తి తేల్చమంది. 2022 సెప్టెంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలి. 2025 మార్చిలో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది, రాష్ట్రాలు పోస్టులు ప్రకటించాలని. తెలంగాణ 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 1,016 పోస్టులు చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు సృష్టించింది. రెగ్యులర్ ఉద్యోగాలుగా ఇవి రావడం సంతోషించాల్సిన విషయం. ఏళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఐఈఆర్‌పీలకు కూడా ఈ న్యాయం పూర్తిగా దక్కాలి.

తెలంగాణలో సర్కారు బడులు ఇరవై వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో నలభై వేలకు పైగా ఉన్నాయి కాబట్టి ప్రతి బడికీ ఒకరు ఇప్పట్లో రారు. వచ్చినవాళ్లను ఎలా వాడుకుంటామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. వాళ్లకు భవిత పక్కన ఇంకో గది ఇచ్చి, ఇంకో రిజిస్టరు తెరిస్తే పాత పద్ధతే కొత్త జీతాలతో నడుస్తుంది. దానికి బదులు కొన్ని బడుల సమూహమైన ఒక స్కూల్ కాంప్లెక్సుకు ఒకరిని పెట్టి, ఏ రోజు ఏ బడిలో ఏ పీరియడ్‌లో ఏ తరగతిలో ఉంటారో ఆ బడి టైంటేబుల్‌లోనే రాయాలి. వారానికి ఒక గంట తరగతి టీచరుతో కూర్చుని వచ్చే వారం పాఠాల్లో ఏం మార్చాలో చూసుకునేలా ఆ గంటను కూడా టైంటేబుల్‌లో పెట్టాలి. కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ పిల్లల గురించి చివరి పది నిమిషాలు కాకుండా ఒక పూట కేటాయించి, నిజమైన పాఠం చెప్పి చూపించాలి.

ఇంటి దగ్గరే చదువుతున్నట్టు లెక్కల్లో ఉన్న పిల్లల గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. తీవ్రమైన, బహుళ వైకల్యాలున్న పిల్లలకు ఇంటివద్ద చదువుకునే వీలును 2012 సవరణ ఇచ్చింది. అది వాళ్లకు ఇచ్చిన ఎంపిక. బడి వాళ్లను వదిలించుకోవడానికి ఇచ్చిన దారి కాదు. వారానికి ఒకరోజైనా ఆ బిడ్డను బడికి తెస్తే, తోటిపిల్లల పాటల మధ్య కూర్చోబెడితే, ఆ తల్లికి నాలుగు గంటలు విరామం దొరుకుతుంది. దానికి కావాల్సింది ఆటో ఖర్చు, తోడుగా ఒక మనిషి. రవాణా భత్యం, ఎస్కార్టు భత్యం పేరుతో ఆ డబ్బు ఇప్పటికే బడ్జెట్‌లో ఉంది. సమగ్ర శిక్షాలో ఒక్కో బిడ్డకు ఏడాదికి రూ.3,500 వరకు సాయానికి వీలుంది. ఏడాది చివర్లో ఖాతాలో పడే భత్యంతో జూన్‌లో ఆటో ఎక్కలేరు. ఆటోవాడికి ప్రతి నెలా ఇవ్వాలి కాబట్టి తల్లికీ ప్రతి నెలా ఇవ్వాలి. బడిలో ఈ పిల్లల మరుగుదొడ్డి అవసరాలు చూసే ఆయాను పెట్టి, ఆ పని ఆమె ఉద్యోగ నియమాల్లోనే రాసి, దానికి తగ్గ వేతనమూ శిక్షణా ఇవ్వాలి. బడి యాజమాన్య కమిటీ సమావేశాల్లో ఈ తల్లులకు ఒక కుర్చీ వేసి, వాళ్ల పిల్లల ప్రణాళికను తెలుగులో చదివి వినిపించి, వాళ్లు చెప్పింది రాసుకున్నాకే సంతకం తీసుకోవాలి.